పెద్దాయనకి అప్పజెప్పిన బ్యాటరీలు

ఆ ఏడు కూడా మా పడవ మొదటి కూతకి కదలకపోయి ఉంటే, ఈపాటికి మేం బల్ఖాష్ సరస్సు ఒడ్డున ఉండేవాళ్ళం కాదు. ఇప్పుడు తేలిగ్గా అనేస్తున్నాను గానీ, ఆ శీతాకాలం ఐదు నెలలూ ఆ మాట నా గొంతులో చేపముల్లులా అడ్డంపడి ఉండేది.

మా సహకార సంఘం నియమం అది. ఏప్రిల్‌లో నీళ్ళ మీది మంచుగడ్డ విరిగాక, చేపల వేట తెరిచే రోజున అధ్యక్షుడు సైరన్ కూత వేయిస్తాడు. అరగంటలోగా పడవ తన ఇంజన్‌తో తను రేవు దాటాలి. వరసగా మూడేళ్ళు దాటలేకపోతే దాని వేటచోటు ఇంకొకరికి పోతుంది. మా చోటు రెల్లుపాయ నోరు, రెల్లు మధ్య నుంచి నీటిపాయ సరస్సులో కలిసే చోటు. మా మామగారి తాత నాటి నుంచీ మాదే. అంతకుముందు రెండేళ్ళూ మా పడవ కూతకి ఒకసారి గుర్రుమని దగ్గి నోరు మూసుకుంది. ఇంజన్‌కి ఏ రోగమూ లేదు, చచ్చినవి బ్యాటరీలు. మూడోసారీ అలాగే జరిగితే రెల్లుపాయ పక్కింటి సగిందిక్‌కి వెళుతుంది, మేం మూటాముల్లె సర్దుకుని ఎక్కడో దూరాన కరగందలో మా బావగారి రెండు గదుల ఇంటికి వెళతాం. మామగారు ఆ సంగతి పైకి ఎత్తేవారు కాదు. అత్తగారు మాత్రం అప్పుడే పెట్టెలు దులపడం మొదలుపెట్టింది.

నవంబరు మొదట్లో పడవని ట్రాక్టర్‌తో ఒడ్డుకి లాగారు. మా ఆయన ముఖిత్ రెండు బ్యాటరీలూ విప్పి బయటికి తీశాడు. ఒక్కొక్కటి ఇద్దరు మోయాల్సిన బరువు. మా ఊళ్ళో బ్యాటరీలకి జరిగే మర్యాద అప్పుడే పుట్టిన గొర్రెపిల్లకి కూడా జరగదు. పొయ్యి పక్కన ఉన్ని దుప్పటి పరిచి, పైన ఇంకోటి కప్పి, గాలి తగలకుండా చలికాలమంతా పడుకోబెడతారు. దాహం వేస్తుందని బావి నీళ్ళు పోస్తారు, ఆ నీళ్ళలో ఉప్పు ఎంతుందో నాలుకకి తెలుస్తుంది. కరెంటు పోయినప్పుడు టీవీ కూడా దాంతోనే చూస్తారు. వసంతం వచ్చేసరికి అది ప్రాణం వదిలేస్తే, చలి కొట్టింది పాపం అంటారు.

"ఈ ఏడు వీటిని నాకు వదిలేయండి మామయ్యా," అన్నాను.

మామగారు నన్ను కింది నుంచి పైకి చూశారు. "పడవ సామాను మీద ఆడవాళ్ళ చెయ్యి పడితే చేప మొహం చాటేస్తుందమ్మా."

"రెండేళ్ళుగా మగవాళ్ళ చెయ్యే పడింది కదా నాన్నా, చేప మన మొహం చూసిందా?" అన్నాడు ముఖిత్. "ఈవిడ వాళ్ళ నాన్న ముప్ఫై ఏళ్ళు రైలు సిగ్నళ్ళ బ్యాటరీలు చూశాడు. ఒక్క రైలు గుద్దుకుందేమో అడుగు."

"మన పడవ పట్టాల మీద పోతుందా?"

"పోయినేడాది నీళ్ళ మీద కూడా పోలేదు."

మామగారు చాలాసేపు టోపీ సర్దుకున్నారు. చివరికి, "రెండేళ్ళు నా చేతిలో చచ్చాయి, మూడో ఏడు నీ చేతిలో చావనీ. పాపం పంచుకుందాం," అని వెళ్ళిపోయారు. మా మామగారి నోట అంతకన్నా తియ్యటి ఒప్పుకోలు రాదని నాకు తెలుసు.

మా నాన్న నాకు నేర్పింది చాలా చిన్న విషయం. బ్యాటరీని ఆసాంతం నింపి, తీగలు విప్పి, ఒళ్ళు తుడిచి, గట్టి చలిలో వదిలేస్తే అది ఎలుగుబంటిలా నిద్రపోతుంది. వెచ్చగా ఉంచితే దానికి నిద్ర పట్టదు, తనని తనే తినేస్తుంది. నిండు బ్యాటరీ ఎంత చలికైనా గడ్డకట్టదు. ఖాళీదే గడ్డకట్టి పగిలిపోతుంది. అంతే విద్య.

చిక్కల్లా దాన్ని ఇంట్లోవాళ్ళకి చెప్పడంలోనే వచ్చింది. మా వైపు కోడలు మామగారి పేరు పలకదు. ఆ పేరులో ఉన్న మాట వేరే ఎక్కడ వచ్చినా పలకదు. మా మామగారి పేరు అయాజ్‌బాయ్. అయాజ్ అంటే మా భాషలో ఎండుచలి, గాలి కదలకుండా గడ్డకట్టించేది. మామూలు చలికి వేరే మాట ఉంది, కానీ అది తలుపు సందులోంచి దూరి మనిషిని దగ్గించే చలి. బ్యాటరీలకి కావలసింది అది కాదు, అయాజ్. కోడలిగా వచ్చిన నాలుగేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా నా నోట రాలేదు. ఇప్పుడంటే రాస్తున్నాను కాబట్టి సరిపోయింది. బయట ఎండుచలి ఉంటే నేను "బయటి పెద్దాయన వచ్చాడు" అనేదాన్ని. ఇంట్లో మామగారు "పెద్దాయన". అందరికీ అలవాటైపోయింది.

వలలు పెట్టే కొట్టులో పొయ్యి లేదు, పొడిగా ఉంటుంది. అక్కడ చెక్కలు పరిచి, నిండా చార్జ్ చేసిన బ్యాటరీలు పెట్టాను. వంటసోడా నీళ్ళతో పైభాగం కడిగి, పొడిగుడ్డతో తుడిచి, టెర్మినల్స్‌కి గ్రీజు రాశాను. సరస్సు గడ్డకట్టాక పట్నానికి దారి సరిగా ఉండదు, డిస్టిల్డ్ వాటర్ దొరకదు. కోడలు రోజుకి ఏడెనిమిది సార్లు టీ కాయాల్సిన ఇల్లు కదా, కెటిల్ ముక్కుకి ఎదురుగా చల్లటి ఇనప పళ్ళెం వంచి పట్టాను. ఆవిరి దాని మీద నీరై కింది గాజు సీసాలోకి జారేది. వారానికి ఒక సీసా నిండేది.

"ఏంటే అది, కెటిల్‌కి జలుబు చేసిందా?" అని అత్తగారు అడిగింది.

"బ్యాటరీలకి టీ అత్తయ్యా. పాలు లేకుండా తాగుతాయి."

సగిందిక్ రోజూ సాయంత్రం టీ వేళకి వచ్చేవాడు. భారీ మనిషి, గుమ్మంలో నిలబడితే వెలుతురు ఆగిపోయేది. మంచివాడే గాని నోరు ఊరుకోదు. "అయాజ్‌బాయ్, మీ కోడలు బ్యాటరీల్ని వీధిలోకి గెంటేసిందటగా. మా ఆవిడ మావాటికి కొత్త దుప్పటి కుట్టింది. వసంతంలో చూద్దాం ఎవరివి గురకపెడతాయో." మామగారు టీ గిన్నెలో మొహం పెట్టుకుని తాగేవారు. సగిందిక్ వెళ్ళాక ఒకసారి కొట్టు వైపు చూసి పడుకునేవారు. ఆ చూపే నాకు ఎక్కువ గుచ్చుకునేది.

జనవరిలో మంచుగడ్డ కింద వలలు వేస్తున్నప్పుడు చేపల బండి జారి ముఖిత్ కాలి మీద పడింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి జీపు వచ్చింది. కోటు వేసుకుంటున్నాను, శాలువా వెతుక్కుంటున్నాను, లోపల ఇంకో భయం. నేను అటు వెళ్ళగానే అత్తగారికి జాలి పొంగి బ్యాటరీల్ని పొయ్యి దగ్గరికి లాక్కొస్తుందేమోనని. జీపు ఎక్కుతూ అరిచాను.

"అత్తయ్యా, బ్యాటరీలు పెద్దాయన దగ్గరుండాలి. మరిచిపోకండి."

"ఉంటాయిలే, నువ్వు వాడి సంగతి చూడు," అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ.

మూడు వారాల తరవాత ముఖిత్‌ని పిండికట్టుతో ఇంటికి తెచ్చాను. నేను ముందు కొట్టులోకి వెళ్ళాను. చెక్కలున్నాయి, బ్యాటరీలు లేవు. ఇంట్లోకి వచ్చి చూస్తే మామగారి మంచం తలాపి దగ్గర, పొయ్యికి జానెడు దూరంలో, రెండూ గొర్రెతోలు కప్పుకుని ఉన్నాయి. ఒకదాని నుంచి టీవీకి తీగ వెళుతోంది.

"ఇదేంటత్తయ్యా?"

"నువ్వేగా చెప్పావు, పెద్దాయన దగ్గర పెట్టమని. నాకు ముందు నుంచీ అదే మనసులో ఉంది, నీకు బాధని ఊరుకున్నాను. ఈయన తలాపినే పెట్టించాను. రెండుసార్లు మంచుతుఫానుకి కరెంటు పోయిందిలే, ఆ కొంచెం టీవీ చూశాం."

ముఖిత్ మంచం మీద పడుకుని ఇంటి కప్పు వంక చూస్తూ నవ్వు ఆపుకోలేక మూలిగాడు. జీపు ఎక్కే కంగారులో నేను "బయటి" అనే మాట మింగేశాను. ఒక్క మాట మింగినందుకు మా రెల్లుపాయ పోయేలా ఉంది.

మా నాన్న ఇచ్చిన గాజుగొట్టం తీసి ఆసిడ్ చూశాను. బ్యాటరీ నిండుగా ఉంటే పైకి లేవాల్సిన లోపలి తేలుడుబుడ్డి కిందికి దిగిపోయింది. ఒకటి సగానికి పైగా ఖాళీ. రెండోది పూర్తిగా ఖాళీ. ఆ స్థితిలో బయట పెడితే తెల్లారేసరికి పగిలిపోతుంది. అలా అని పొయ్యి దగ్గరే ఉంచితే నెమ్మదిగా చస్తుంది. ఏడుపు వచ్చింది. ఏడవలేదు, ఏడిస్తే అత్తగారు కూడా ఏడుస్తుంది, ఇక పని జరగదు.

వాటిని వసారాలోకి లాగి చార్జింగ్ పెట్టాను. కరెంటు వచ్చేది, పోయేది. వచ్చినప్పుడల్లా పరుగెత్తేదాన్ని. తక్కువ కరెంటు మీద, తొందరపెట్టకుండా, ఐదు రోజులు. బ్యాటరీలోని ప్రతి సెల్ గదిలోనూ ఆ కెటిల్ పళ్ళెం నీళ్ళు సరిచూసి పోశాను. మూడో రోజుకి ఒకటి తేరుకుంది. రెండోదానిలో ఒక గది మొండికేసింది. తేలుడుబుడ్డి పైకి లేచినట్టే లేచి కూర్చుండిపోయేది. దానితో నేను మాట్లాడుతుంటే ముఖిత్ లోపల్నుంచి, "నాతో కూడా రోజుకి అన్ని మాటలు మాట్లాడవు," అని దెప్పేవాడు. ఐదో రోజు మధ్యాహ్నం ఆ గదిలో బుడ్డి లేచి నిలబడింది. అలాగే నిలబడి ఉంది. నేను కెటిల్ పొయ్యి మీద పెట్టి మరిచిపోయాను.

ఆ సాయంత్రం టీకి అందరం కూర్చున్నాం. సగిందిక్ కూడా ఉన్నాడు.

"రెండూ నిండాయి. వాటిని మళ్ళీ కొట్టులో పెట్టాలి," అన్నాను.

మామగారు గిన్నె కింద పెట్టారు. "వద్దమ్మా. ఒకసారి బతికించావు, చాలు. నా కుర్రతనంలో సంఘం పెద్ద పడవ బ్యాటరీని ఒడ్డున వదిలేస్తే నిలువునా చీలిపోయింది. నా కళ్ళతో చూశాను. ఇక్కడే ఉండనీ."

"అది ఖాళీది అయి ఉంటుంది మామయ్యా. ఇవి నిండువి."

"నిండుదైనా వెచ్చగా ఉంటే తప్పేంటి?"

"వెచ్చగా ఉంటే దానంతటదే ఖాళీ అవుతుంది. దానికి..." అని ఆగాను. బయటి పెద్దాయన అనబోయాను. ఎదురుగా మామగారు, పక్కన పొయ్యి, అటుపక్క అంతా విని ఊరంతా చెప్పడానికి సిద్ధంగా సగిందిక్. ఇంకోసారి ఎవరైనా పొరపాటు పడితే సరిచేయడానికి రోజులు లేవు.

"దానికి అయాజ్ కావాలి," అన్నాను.

సగిందిక్ చేతిలో రొట్టెముక్క నోటి దాకా వెళ్ళి ఆగింది. అత్తగారు నా వంక చూడకుండా నా గిన్నెలో టీ పోసింది. అది పోయాల్సింది నేను. నా చెవులు కాలిపోతున్నాయి. మామగారు మీసం తుడుచుకుని, టీ పూర్తిగా తాగి, గిన్నె బోర్లించారు. లేచి కోటు వేసుకున్నారు.

"సగిందిక్, అటు పట్టు. బరువుంది," అన్నారు.

ఇద్దరూ కలిసి మొదటి బ్యాటరీని కొట్టులోకి మోసుకెళ్ళారు. తరవాత రెండోది. నేను వెళ్ళేసరికి మామగారు మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని చెక్క మీద తిన్నగా జరుపుతున్నారు. నా మీద కోపం ఉందో లేదో నాకు తెలియలేదు, అడగనూ లేదు.

ఫిబ్రవరి నెల ఆ ఏడు దయ తలచలేదు. ఉమ్మితే కింద పడేలోపు గట్టిపడేది. రోజూ పొద్దున్నే మామగారు వలలు చూసే వంకతో కొట్టులోకి వెళ్ళి బ్యాటరీల పక్కలు తడిమి వచ్చేవారు, ఎక్కడైనా చీలిక వచ్చిందేమోనని. నేను చూడనట్టు ఉండేదాన్ని. మూడు వారాలకోసారి గాజుగొట్టం పెట్టి చూసేదాన్ని. తేలుడుబుడ్డి కిందికి ఒక్క గీత కూడా జారలేదు. మార్చిలో కొత్తేడు పండగ నౌరూజ్‌కి అత్తగారు ఊళ్ళో అందరికీ జావ పంచుతూ, మా బ్యాటరీలు బయట పడుకుని మరీ లావెక్కాయని చెప్పుకుంటూ తిరిగింది. పెట్టెలు దులపడం ఆవిడ ఎప్పుడు ఆపేసిందో నేను గమనించలేదు.

ఏప్రిల్ రెండో వారంలో మంచుగడ్డ విరిగి గాలికి అవతలి ఒడ్డుకి కొట్టుకుపోయింది. నీళ్ళు నల్లగా బయటపడ్డాయి. వేట తెరిచే రోజు తొమ్మిది పడవలు రేవులో వరసగా నిలబడ్డాయి. మగవాళ్ళు పడవల్లో, మేం ఒడ్డున. ముఖిత్ పిండికట్టు విప్పి పది రోజులే అయింది, ఊతకర్రతో పడవెక్కి ఇంజన్ దగ్గర కూర్చున్నాడు. తీగలు బిగించింది నేనే. బిగించి దిగి ఒడ్డుకి వచ్చేశాను.

అధ్యక్షుడు కూత వేయించాడు.

ముఖిత్ తాళం తిప్పాడు. ఇంజన్ ఒకసారి బరువుగా మూలిగింది. మళ్ళీ మూలిగింది, మూడోసారి అందుకుంది. నీలం పొగ గుప్పున వచ్చి, ధడధడమని శబ్దం రేవంతా నిండింది. అత్తగారు నా భుజం పట్టుకుంది, ఆ గోళ్ళ గుర్తులు వారం రోజులున్నాయి.

ఒకటొకటిగా మరో ఐదు పడవలు అందుకున్నాయి. మూడు అందుకోలేదు. అందులో ఒకటి సగిందిక్‌ది. కొత్త దుప్పటి కప్పుకున్న బ్యాటరీ క్లిక్‌మని ఊరుకుంది. మళ్ళీ క్లిక్. అతను చొక్కా చేతులు మడిచాడు, విప్పాడు, మా పడవ వైపు మాత్రం చూడలేదు. అడగడానికి నోరు రావడం లేదని ఒడ్డున ఉన్న అందరికీ తెలుస్తోంది. పక్క పడవ నుంచి కరెంటు తీసుకోవడం తప్పు కాదు, కానీ ఇచ్చేవాడు తన నిమిషాలు పోగొట్టుకోవాలి, అందుకే గత రెండేళ్ళూ మాకు ఎవరూ ఇవ్వలేదు.

మామగారు పడవలోంచి లేచి నిలబడ్డారు. ఊరంతా వింటుండగా నన్ను అడిగారు. "కోడలా, బ్యాటరీలు నీవి. వీళ్ళకి ఇద్దామా?"

ఆ రేవులో ఒక మగవాడు ఒడ్డున ఉన్న ఆడదాన్ని సలహా అడగడం ఎవరూ వినలేదు. నాకు ఐదు నెలల కసి ఉంది. గుమ్మంలో నిలబడి అన్న మాటలన్నీ గుర్తున్నాయి. కానీ ఆ రోజు నా దగ్గర ఎంత ఉందంటే, ఇచ్చినా తరగదని నాకు తెలుసు.

"తీగలు ఇటు విసరమనండి మామయ్యా. సగిందిక్ బావగారి పడవకి ముందు," అన్నాను.

మా ఇంజన్ నడుస్తుండగానే తీగలు కలిపి మూడు పడవల్నీ లేపాం. మిగతా ఐదు పడవలూ ఇది తేలేదాకా రేవులోనే ఆగి చూశాయి. సగిందిక్ ఇంజన్ అందుకున్నాక అతను టోపీ తీసి తల గోక్కున్నాడు.

"అమ్మాయ్, వచ్చే శీతాకాలం మావి కూడా మీ కొట్టులో పడెయ్."

"దుప్పటి కూడా తెస్తారా బావగారూ?"

"దుప్పటి నేను కప్పుకుంటాలే," అన్నాడు. రేవంతా గొల్లుమంది.

అరగంటలో ఇంకా ఆరు నిమిషాలు మిగిలాయి. మామగారు ముఖిత్ వైపు తిరిగారు. "నువ్వు దిగు. ఆ కాలుతో వల లాగలేవు. ఈ ఇంజన్ ఎవరి మాట వింటుందో ఇవాళ చూశాను." తరవాత చెయ్యి చాచారు. నా వైపు. "ఎక్కమ్మా."

చేప మొహం చాటేస్తుందని నవంబరులో అన్న మనిషి ఈయనేనా అని ఒక్క క్షణం చూస్తూ నిలబడిపోయాను. అత్తగారు వెనక నుంచి నెట్టింది. నేను ఎక్కాను. రబ్బరు బూట్లు ముఖిత్‌వి, నాకు రెండు సైజులు పెద్దవి. తాడు విప్పారు. పడవ వెనక్కి జరిగి, ముక్కు తిప్పుకుని రెల్లుపాయ వైపు కదిలింది. తొమ్మిదిట్లో అందరికన్నా ముందు. ఇంజన్ మీద పెట్టిన నా అరచెయ్యి అదురుతోంది. గెలిచాను. ఆ మాట నాలో నేను అనుకోలేదు, పైకే అన్నాను. ఇంజన్ చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

మా రేవులో పడవ కదిలినప్పుడు ఆ ఇంటి ఆడది ఒడ్డున నిలబడి ఒక మాట అరుస్తుంది. పడవలో ఉన్నవాళ్ళు వెనక్కి తిరగకూడదు. నాలుగేళ్ళు ఆ మాట నేనే అరిచాను, పడవ ఎంత ఆలస్యంగా కదిలినా అరిచాను. ఆ రోజు మిగతా పడవల కోసం ఒడ్డు నుంచి గొంతులు లేచాయి. మా పడవకి ఎవరూ అరవలేదు. అత్తగారి గొంతు మాత్రం వినిపించింది, నన్ను ఉద్దేశించి కాదు. "నా వంక చూస్తావేంట్రా? పోయేది నీ పెళ్ళాం. నువ్వే అనాలి."

తరవాత నీళ్ళ మీదుగా ముఖిత్ గొంతు వచ్చింది, మొదట సిగ్గుతో సన్నగా, తరవాత రేవంతా వినేలా.

"టీ చల్లారేలోపు వచ్చెయ్, కంషాత్."

నేను వెనక్కి తిరగలేదు.